అవ్వ పురుడు పోసిన ఈత మొక్కలు

మొన్న ఒక ఆదివారం పొద్దున, పాల ప్యాకెట్ తెస్తానని మణికొండలోని మా అపార్ట్‌మెంటు దిగి, గాలి చల్లగా ఉందని నడుస్తూ నడుస్తూ గచ్చిబౌలి వైపు చాలా దూరం వెళ్ళిపోయాను. అక్కడ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఏదో కంపెనీ ప్రహరీ పక్కన వరసగా ఉన్న ఈత చెట్లను వేళ్లతో సహా పెకలించి క్రేన్‌తో ఎత్తి లారీలో పడుకోబెడుతున్నారు. మట్టలన్నీ పైకి మడిచి తాడుతో బిగించి కట్టారు. వేళ్ల ముద్దకు తడి గోనెపట్టా చుట్టారు. నెత్తిన హెల్మెట్ పెట్టుకున్న ఒక అమ్మాయి క్రేన్ డ్రైవరుకు చేత్తో సైగలు చేస్తూ, మధ్యమధ్య నన్ను చూసి, జర దూరం ఉండండి ఆంటీ అంటోంది. ఇవి మళ్ళీ బతుకుతాయా అమ్మా అని అడిగాను. బతికించాలనే కదా ఆంటీ ఈ తిప్పలన్నీ అంది. ఆ అమ్మాయి గొంతులో ఉన్న ఆదుర్దా నాకు బాగా తెలిసినది. చివరి చెట్టు లారీ ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను. ఇంటికి చేరేసరికి మా ఆయన నల్ల టీ తాగి, ఇగ పాలు సాయంత్రం టీకి పనికొస్తాయిలే అన్నాడు.

ఆ చెట్లు మా నాయిన నర్సరీలో పుట్టినవే అని చెప్పను. ఈత చెట్టుకు ఇంటిపేరు ఉండదు. కానీ ఈ ప్రాంతంలో ఈత చెట్టుకు మర్యాద దొరకడం మొదలైన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. శేరిలింగంపల్లి మండలంలోని మా ఊరి అంచున అద్దాల మేడలు ఒకటీ అరా లేస్తున్నాయి. బండలు పేల్చే మందు మోత రోజూ మధ్యాహ్నం అన్నం వేళకే వచ్చేది. మోత వినబడబోతోందని ఈల వేయగానే మా అమ్మ లేచి వెళ్ళి, గూట్లో పేర్చిన గిన్నెలు పడకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడేది. మోత అయిపోయాక వచ్చి మళ్ళీ కూర వడ్డించేది. ఇది మాకు ఎంత అలవాటైపోయిందంటే, సెలవు రోజు మోత లేకపోతే అన్నం రుచించేది కాదు.

మా నాయిన మల్లేశం ఇంకొకరి నర్సరీలో చాలాకాలం పనిచేసి, చివరికి రోడ్డు పక్కన కాస్త జాగా కిరాయికి తీసుకుని సొంతంగా పెట్టుకున్నాడు. మేం ఉండేది కూడా అక్కడే, రేకుల ఇంట్లో. క్రోటన్లు, గులాబీలు, అశోక మొక్కలు, మందారాలు. తడిసిన ఎర్రమన్ను, పశువుల పెంట, కిరసనాయిలు పొయ్యి, అవ్వ వేసే సాంబ్రాణి, ఇవన్నీ కలిసిన వాసన మా ఇంటిది. కాలేజీకి పోయినా నా పుస్తకాలు అదే వాసన వేసేవి. పక్కన కూర్చునే పిల్ల, మీ ఇంట్ల పూజనా, పొలమా అని అడిగేది.

ఒకరోజు ప్రసాద్ గారని ఒకాయన మోటారు సైకిల్ మీద వచ్చాడు. గోదావరి వైపు మనిషి. కొత్త ఆఫీసుల చుట్టూ తోటలు వేసే కంట్రాక్టు తీసుకున్నాడు. రాగానే, మల్లేశం గారూ, నమస్కారమండి అన్నాడు. మా నాయినను అంతవరకు గారూ అన్నవాళ్ళు లేరు. నాయిన వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమో చూశాడు. ఆయన అడిగింది ఇంకా విచిత్రం. ఈత మొక్కలు కావాలట. గింజ నుంచి మొలిపించి, కవర్లలో పెంచి ఇస్తే, తన జాగాలో పెద్దవి చేసుకుని ఆఫీసుల ముందు వరసగా నాటుతాడట. ఎదిగిన చెట్లు ఎక్కడి నుంచో తెస్తే సగం చచ్చిపోతున్నాయని, పసితనం నుంచి తన కళ్ళ ముందే పెరిగితే ధైర్యమని అన్నాడు.

ఈ కబురు తెలిసి ఊరంతా నవ్వింది. గట్టు మీద దానంతట అది మొలిచే ఈతను పెంచడమేమిటి, దాన్ని కొనుక్కోవడమేమిటి. ఈత చెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, మరి ఆఫీసు పిల్లలంతా దాని కింద నిలబడి కాఫీ తాగితే వాళ్ళ అమ్మానాన్నలు ఏమనుకుంటారని కల్లు దుకాణం ముందు ఒకటే పరాచికాలు. నాయినను చూసినప్పుడల్లా, మల్లేశం గారూ, తుమ్మ మొక్కలు గూడ పెడ్తున్నరా అండీ అని దీర్ఘాలు తీసేవాళ్ళు. నాయిన తన మానాన తాను ఈతపండ్లు ఏరుకొచ్చేవాడు. పండ్లు మేం తిన్నాం, గింజలు కుండలో నానేశాం. తరువాత ఇసుక మడిలో పరిచి పైన గోనెసంచి కప్పాం.

అవ్వ గురించి ఇప్పుడు చెప్పాలి. అవ్వ అంటే నాయినను కన్న తల్లి, ఈరమ్మ. చుట్టుపక్కల ఊళ్ళకు ఆమె మంత్రసాని. ఆ రోజుల్లో మా ఊళ్ళో నడిచే మనుషుల్లో సగం మంది ముందుగా అవ్వ చేతుల్లోకి వచ్చినవాళ్ళే. మీసాలు మెలేసుకుని తిరిగే సర్పంచును కూడా ఆమె, నువ్వు కాళ్ళతోని వచ్చినవ్ కొడుకా, మీ అమ్మను మస్తు తిప్పలు పెట్టినవ్ అని అందరి ముందూ అనేది. ఆయన తల వంచుకునేవాడు. నా చేతిల పడ్డ పిల్ల ఏడ్వకుండ లేదు అనేది ఆమె ఏకైక గర్వం. ఆమెకు దేవుడి మీద ఉన్నంత నమ్మకం తన చేతుల మీద ఉండేది. రోజూ పడుకునే ముందు వాటికి నువ్వుల నూనె రాసుకునేది. కాళ్ళకు రాసుకోగా నేనెప్పుడూ చూడలేదు.

అయితే అప్పటికే ఆడవాళ్ళంతా కాన్పుకు దవాఖానకు పోవడం మొదలుపెట్టారు. అది మంచిదేనని అవ్వ కూడా ఒప్పుకునేది. కానీ ఒప్పుకున్నంత మాత్రాన పొద్దు గడవదు కదా. పిల్లలకు స్నానాలు చేయించడానికి తప్ప ఎవరూ పిలవడం లేదు. అరుగు మీద కూర్చుని మా అమ్మ చేసే ప్రతి పనికీ ఒక వంక పెట్టడం ఆమెకు మిగిలిన వ్యాపకం. మా అమ్మ కూడా తక్కువదేం కాదు. పెద్ద పని చెప్తే కొండనైనా ఎత్తుతుంది, చిన్న చిన్న పనులంటే మాత్రం ఆమెకు చికాకు. చిక్కుడుకాయ ఈనెలు సగం తీసి సగం తీయకుండా కూర వండేది. గింత సోమరిది ఏడ దొరికిందో మా కొడుక్కు అని అవ్వ వినబడేట్టు గొణిగేది. వినబడనట్టు అమ్మ పాట పాడుకునేది.

ఇసుక మడిలో గింజలు పగిలిన రోజు అవ్వ అరుగు దిగింది. ఈత గింజ మొలిచే తీరు వేరు. గింజలో నుంచి ముందు ఒక తెల్లటి తాడులాంటిది బయటికి వచ్చి కిందికి దిగుతుంది. ఆ తాడు పక్క నుంచి సూది మొనలాంటి ఒకే ఒక ఆకు పైకి వస్తుంది. మొక్క ఒకచోట, గింజ దాని పక్కన, మధ్యలో ఆ పొట్టి తాడు. అవ్వ కూర్చుని, గోనెసంచి ఎత్తి, చాలాసేపు చూసింది. తరువాత లేచి చేతులు కడుక్కుని వచ్చి, వీటిని నేను చూసుకుంట, మీరు ముట్టకున్రి అంది. ఆమె గొంతులో అంత హుషారు విని ఎన్నాళ్ళయిందో.

ఇక మా నర్సరీ పురిటి ఇల్లయిపోయింది. ఈదురుగాలి తగలకుండా పాత చీరలతో నాలుగు వైపులా చాటు కట్టించింది. బయటి నుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుంటే తప్ప మడి దగ్గరికి రానీయలేదు. సాయంత్రం సాంబ్రాణి పొగ. మొక్కలను లెక్కపెట్టకూడదు, బాగున్నాయని పైకి అనకూడదు. ప్రసాద్ గారు ఒకసారి వచ్చి, అబ్బో, ఎంత ఏపుగా వస్తున్నాయండీ అనేసరికి, అవ్వ ఆయన ముందే మూడుసార్లు తూతూ అని ఊసి, ఉప్పు దిష్టి తీసింది. ఆయన బిత్తరపోయి మా నాయిన వంక చూశాడు. నాయిన, మా అమ్మ అండి అని పరిచయం చేశాడు. నాయిన నోట అండి అనే మాట వచ్చింది అదే మొదలు.

శ్రావణంలో మంచి ముసురు పట్టిన రోజు చూసి మొలకలను ఇసుకలో నుంచి తీసి కవర్లలోకి మార్చడం మొదలుపెట్టాం. ఎర్రమన్ను, ఇసుక, చివికిన పెంట కలిపి కవర్లు నింపింది నేనే. అవ్వ పనితనం చూడాలి. మొలకను ఆకు పట్టి లాగేది కాదు. ఇసుక బాగా తడిపి, కింది నుంచి అరచెయ్యి పోనిచ్చి, పసిపిల్ల తల పట్టుకున్నట్టు పట్టుకుని పైకి తెచ్చేది. ఒక్క వేరు తెగేది కాదు. పైకి తెచ్చాక ఒళ్ళో పెట్టుకుని, మరిగించి ఆరబెట్టిన కొత్త బ్లేడుతో ఆ తెల్లటి తాడును కోసి, గింజను పక్కన పడేసి, కోసిన చోట పసుపు అద్ది కవర్లో నిలబెట్టేది.

ఎందుకు కోస్తున్నావవ్వా అని అడిగాను. పుట్టినంక బొడ్డు కొయ్యరా మరి అంది. మాయ పడేదాక ఆగాలె, పడ్డంక కొయ్యాలె, ఇది పడనే పడ్డది గద అని గింజను చూపించింది. జీవితమంతా ఆమె చేసింది అదే. బిడ్డకు వేలాడే తాడు, తాడు చివర పనైపోయిన మాయ. నాకు అది ఎంత సహజంగా తోచిందంటే, నేనూ వరసగా మొలకలు అందిస్తూ పోయాను. నాయినకు కూడా అనుమానం రాలేదు. క్రోటన్ కొమ్మలు కోసి నాటి బతికించే మనిషికి కోయడమంటే పెంచడమే.

మధ్యలో ఎవరో బాలింతకు స్నానం చేయించాలని పిలుపొస్తే అవ్వ వెళ్ళింది. నేను కాలేజీకి వెళ్ళాను. మిగిలిన వరస పూర్తి చేయమని అమ్మకు అప్పగించారు. అమ్మ నీళ్ళ తొట్టి పక్కన కూర్చుని ఆ వరస పూర్తి చేసింది.

కొన్నాళ్ళకు అవ్వ నాటిన మొక్కల ఆకు కొసలు ఎండడం మొదలైంది. తరువాత పసుపు రంగు తిరిగాయి. ఒక్కొక్కటే వాలిపోయాయి. నీడ పెంచారు, తగ్గించారు. నీళ్ళు పెంచారు, తగ్గించారు. అవ్వ పొద్దున లేవగానే ముఖమైనా కడుక్కోకుండా వెళ్ళి వాటి ముందు కూర్చునేది. తొట్టి పక్కన అమ్మ నాటిన వరస మాత్రం ఆకుపచ్చగా, రెండో ఆకు వేస్తూ నిలబడింది. ఒకరోజు అవ్వ ఆ వరస ముందు చాలాసేపు నిలబడి, తన చేతులు తిప్పి చూసుకుంది. ఆ రాత్రి చేతులకు నూనె రాసుకోలేదు. మరునాటి నుంచి నర్సరీలోకి రాలేదు. నా చేతి గుణం పోయింది, కోడలి చెయ్యి మంచిది అని మాత్రం అంది. ఆమె నోట మా అమ్మకు మెప్పు దొరికింది అదే మొదలు. అది విని అమ్మ సంతోషించకపోగా కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

మొక్కలు పోతే పోయాయని నాయిన సర్దుకునేవాడే. అసలు ఫికర్ ఇంకొకటి. మా చిన్నత్త సరోజ, అంటే అవ్వ చిన్న కూతురు, తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చి ఉంది. కాన్పు దవాఖానలోనే అని అందరూ అనుకున్నదే. కానీ అత్తకు చచ్చేంత భయం. అమ్మా, నువ్వు నా పక్కన ఉండాలె, పిల్లను ముందుగాల నువ్వే ఎత్తుకోవాలె అని నెలల నుంచి చెప్తోంది. ఊరందరి పిల్లలనూ ఎత్తుకున్న చేతుల్లో తన పిల్ల పడాలని ఆమె ఆశ. మొక్కలు పోయాక అవ్వ ఆ మాట ఎత్తితే చాలు ముఖం తిప్పుకునేది. అత్త కన్నీళ్ళు పెట్టుకునేది. ఎవరు చెప్పినా, ఊళ్ళో అంతమంది పిల్లలను బతికించిన చేతులవి అని నాయిన ఎంత బతిమాలినా, అవ్వ చేతులు కొంగులో దాచుకుని కూర్చునేది.

బతుకమ్మ దగ్గర పడుతుండగా ఒక పొద్దున అత్తకు నొప్పులు మొదలయ్యాయి. నాయిన ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు. అవ్వ గోడ వైపు తిరిగి పడుకుని, నేను రాను అంది. అత్త గడప పట్టుకుని ఏడుస్తోంది. నేను సంచిలో గుడ్డలు సర్దుతున్నాను. అప్పుడు మా అమ్మ, ఆ చికాకు మనిషి, విసురుగా బయటికి వెళ్ళి తన వరసలో నుంచి ఒక కవరు తెచ్చి అవ్వ ముందు పెట్టింది.

"అత్తమ్మా, నా చేతిల ఏ గుణం లేదు. ఆ దినం పొయ్యి మీద కూర మాడుతుండె. నేను బొడ్లు కొయ్యనే లే. గింజలతోనే పాతిపెట్టి, మీరు చూస్తే తిడ్తరని మీదికెల్లి మన్ను కప్పిన."

అలా అంటూనే, నమ్మకం కలిగించడానికని, ఆకు పట్టుకుని మొక్కను సర్రున పైకి లాగింది. పడుకున్న అవ్వ ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. మొక్క కవరులో నుంచి పూర్తిగా రాకముందే ఆమె రెండు అరచేతులూ దాని కిందికి వెళ్ళిపోయాయి.

"గట్ల గుంజుతరానే పసిదాన్ని" అంది.

తన చేతుల్లోకి వచ్చిన మొక్కను చూసింది. తాడు అలాగే ఉంది, చివర గింజ అలాగే ఉంది. గింజను వేళ్ల మధ్య నొక్కి, ఏదో అనుమానం వచ్చినట్టు, తీసి గడప మీద రాయితో చితగ్గొట్టింది. లోపల సగం మెత్తగా తెల్లగా అయిపోయి ఉంది. మిగిలిన సగం ఇంకా గట్టిగా ఉంది. అవ్వ ఆ మెత్తటి భాగాన్ని గోటితో గీకి, తాడు వెంట వేలు పోనిచ్చి మొక్క దాకా తెచ్చింది.

"సగం తాగింది, ఇంక సగమున్నది. ఇది మాయ గాదే. రొమ్ము. పాలు తాగే పిల్లల నోట్ల నుంచి గుంజేసిన నేను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మొక్కల కోసం ఆమె నిజంగా ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కానీ ఆ ఏడుపులోనే ఆమె వెన్ను నిటారుగా అవడం కూడా చూశాను. తప్పు తెలియనితనానిది, చేతులది కాదు. అంతవరకు ఆమెను తినేసింది చేతుల మీద అనుమానమే. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. ఆ రోజు మా ఇంట్లో సామెత తిరగబడింది. అత్తగారైన అవ్వే తన కుండ తానే కొట్టానని కోడలి ముందు ఒప్పుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, జర నా నీలం చీర తియ్యి అని అమ్మకు చెప్పి, చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి నడిచింది.

ఇసుక మడిలో ఆలస్యంగా మొలిచిన గింజలు ఇంకా ఉన్నాయి. వాటిని తరువాత గింజలతోనే కవర్లలోకి మార్చాం. అవ్వ వాటి ముందు కూర్చుని చేతులు కట్టుకుని ఊరికే చూసేది. ఆమెకు అంత కష్టమైన పని ఇంకొకటి లేదని నా అభిప్రాయం. బొడ్డు కోసిన వాటిలో కూడా కొన్ని మొండివి కోలుకున్నాయి. దసరా దాటాక ప్రసాద్ గారు వచ్చి అన్నీ తీసుకెళ్ళారు. ఈసారి బాగున్నాయని పొరపాటున కూడా అనలేదు, అవ్వ వంక చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కొన్నేళ్ళకు మా నర్సరీ జాగాలో పునాదులు తీశారు. ఇప్పుడక్కడ నిలబడి పైకి చూస్తే మెడ నొప్పెడుతుంది. కిందంతా చాయ్ బండ్లు, మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు, బైక్ ట్యాక్సీలు. నాకేం బెంగగా ఉండదు. ఆ పిల్లలు నవ్వుతూ తుళ్ళుతూ ఉంటారు, మా రేకుల ఇంట్లో ఎండాకాలం ఎలా ఉండేదో నాకు గుర్తే. అప్పుడు ఒక మొలకను మార్చడానికి ఇంటిల్లిపాదీ కూర్చునేవాళ్ళం, ఇప్పుడు ఒక చెట్టును మార్చడానికి క్రేనూ లారీ వస్తాయి. చేసేవాళ్ళ గుండె మాత్రం అదే కొట్టుకోవడం. క్రేన్ నుంచి చెట్టు లారీలోకి దిగుతున్నప్పుడల్లా మొన్నటి ఆ హెల్మెట్ అమ్మాయి రెండు చేతులూ ముందుకు చాపడం చూశాను. అన్ని టన్నుల చెట్టును తాను పట్టుకోబోతున్నట్టే.

అత్తకు నొప్పులొచ్చిన ఆ పొద్దున దవాఖానలో కాన్పు గదిలోకి అవ్వను రానీయలేదు. బయట బల్ల మీద కూర్చుంది. లోపలి నుంచి వచ్చే ప్రతి చప్పుడునూ విని, ఇప్పుడు తల కనబడ్తది, ఇప్పుడు భుజాలు అని మాకు చెప్తూ పోయింది. చివరికి ఏడుపు వినబడింది. నా చేతిల పడకున్నా ఏడ్చిందే అని అవ్వ తనలో తాను నవ్వుకుంది. కొంతసేపటికి నర్సు తువ్వాలులో చుట్టిన ఆడపిల్లను తెచ్చి, ఎవరు పట్టుకుంటరమ్మా అంది. మేమంతా అవ్వ వంక చూశాం. అవ్వ లేచి రెండు చేతులూ చాపింది. పిల్లను అరచేతుల్లోకి అందుకుంది. ముందుగా ఎవరు ఎత్తుకుంటే వాళ్ళ గుణం వస్తుందని మా వైపు ఒక నమ్మకం. అందుకే అమ్మ ముందుకు వంగి, అచ్చం మీ పోలికనే వస్తది అత్తమ్మా అంది. చుట్టూ అంత సందడి జరుగుతున్నా, ఇంతమంది మీద పడి చూస్తున్నా, ఆ పిల్ల కళ్ళైనా తెరవకుండా హాయిగా నిద్రపోతోంది. అవ్వ దాని బొడ్డు చూసింది, వేళ్లు చూసింది, చివరికి తల ఎత్తి మా అమ్మను చూసింది.

"నీ పోలికే వచ్చింది. బద్ధకం పిల్ల. మంచిగ బతుకుతది."